ఎడమ చెంప మీద ఎండ

మదనపల్లె,
అక్టోబరు 24

నీలిమా,

కుప్పం నుంచి నువ్వు రాసిన మొదటి జాబు నిన్న చేరింది. దాని మీద తేదీ లేదు. తేదీ లేని జాబు, దిక్కు గుర్తు లేని పటం నాకు ఒకటే. ఇకమీదట వేయి.

ఫోను సంగతి మళ్లీ ఎత్తావు. చెవి మిషను పెట్టుకుని ఫోను దగ్గర పెడితే నీ గొంతు రాదు, ఈల వస్తుంది. కింది వాటాలో తబస్సుమ్ తన ఫోనులో నీ మొహం చూపిస్తానంటుంది. ఆ పిల్ల జాకెట్లు కుట్టుకునే వేళ నేను పోయి ఎదురుగా కూర్చుని, నువ్వు నోరు ఆడిస్తుంటే తల ఊపాలా? వినిపించని దానికి తల ఊపడం నాకు చేతకాదు. జాబు రాయి. రాసింది నాకు పూర్తిగా వినిపిస్తుంది.

నువ్వు అడిగిన వాటికి వరసగా జవాబులు. ఆరోగ్యం బాగుంది. వంట నేనే చేసుకుంటున్నాను. దీపావళికి నువ్వు వచ్చినప్పుడు మోకాలు నొప్పి అన్నాను కదా, తగ్గింది. శనివారం శనివారం బ్యాంకు దాకా నడిచిపోయి, వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చుకుంటున్నాను. కాబట్టి నా గురించి దిగులు అక్కర్లేదు.

మీ హెడ్మాస్టరు ఉమాశంకర్ గారు నీ సోషల్ పీరియడు తీసుకుని లెక్కలకు ఇచ్చారని రాశావు. ‘సోషలే గదమ్మా, ఇంటికాడ సదువుకుంటారులే’ అన్నారా? పుంగనూరు బడిలో ముప్పై ఏళ్లు నేను ఈ మాటే విన్నాను. హెడ్మాస్టర్లు మారారు, మాట మారలేదు. ఆయనతో వాదించకు. కొత్త ఉద్యోగం, పైగా వాదనలో నీకు గొంతు వణుకుతుంది. ఆ పీరియడు కావాలని పిల్లలే అడిగేలా చెయ్యి. అది నీ చేతిలో ఉన్న పని.

ఇప్పుడు నేను అడిగేవి మూడు. ఏం తింటున్నావు? నీ గది కిటికీ ఏ దిక్కుకు ఉంది? ఆ ఊళ్లో నువ్వు పేరు పెట్టి పిలిచే మనుషులు ఎవరెవరు? మూడింటికీ జవాబు రావాలి.

అవ్వ

*

కుప్పం,
నవంబరు 2

అవ్వా,

తేదీ వేశాను, చూడు.

పొద్దున బస్టాండు దగ్గర ఇడ్లీ. మధ్యాహ్నం బడిలో పిల్లలతోపాటు భోజనం. రాత్రికి అన్నం వండుకుంటాను, పెరుగో పచ్చడో వేసుకుంటాను. కిటికీ పడమరకు ఉంది. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి మంచం నిండా ఎండ పరుచుకుని ఉంటుంది. అది పోయేదాకా కుర్చీలో కూర్చుంటాను. మూడో ప్రశ్నకు తర్వాత రాస్తాను.

బడి రామకుప్పం దాటి లోపలికి. బస్సు దిగాక కూడా నడవాలి. ఊరిని ఆనుకునే అడవి. ఇప్పుడు రాగి కోతకు వచ్చింది, ఏనుగులు దిగుతున్నాయి. పిల్లల్లో చాలామంది వాళ్ల నాయనలతో చేను కావలికి పోయి డబ్బాలు కొట్టి, పొద్దున నా క్లాసులో నిద్రపోతారు. ఎనిమిదో తరగతిలో మునిలక్ష్మి అని ఒక పిల్ల. ‘ఏమ్మా, నిద్రపోతాండావా?’ అన్నాను. ‘లేదు మేడం, కండ్లు మూసుకోని ఇంటాండా’ అంది. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇక్కడికి వచ్చాక అదే మొదటిసారి అనుకుంటాను.

పిల్లలే అడిగేలా చెయ్యమన్నావు కదా, పుస్తకం మూయించి, పెద్ద చార్టు నేల మీద పరిచి, మీ ఊరి పటం గీయండి అన్నాను. నిద్ర ఎగిరిపోయింది వాళ్లకు. కానీ అందరూ మొదట అడవి గీశారు, కాగితం పైభాగాన. అడవి ఊరికి దక్షిణాన ఉంది. దక్షిణం కింద కదా ఉండాలి అంటే తేజ అనేవాడు లేచి, ‘అట్లెట్ల మేడం? ఏనుగు పైనుంచే గదా దిగేది’ అన్నాడు. నువ్వైతే ఏం చెప్తావు?

ఇంకో సంగతి. నాతో బీఈడీ చదివిన ప్రీతి ఇప్పుడు అంగళ్లులో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తోంది. అక్కడ ఇంకో ఉద్యోగం ఖాళీ ఉందట. జనవరి ఒకటిన చేరాలి. జీతం తక్కువే. కానీ మదనపల్లె నుంచి రోజూ పోయి రావచ్చు. నువ్వు అక్కడ ఒక్కదానివే ఉన్నావు. నేను ఇక్కడ ఒక్కదాన్నే ఉన్నాను. మధ్యలో ఇంత దూరం దేనికి అవ్వా?

నీ
నీలిమ

*

మదనపల్లె,
నవంబరు 8

నీలిమా,

మూడో ప్రశ్నకు జవాబు రాలేదు. నీ పేరున బాకీ రాసుకున్నాను.

పటంలో ఉత్తర దిక్కు పైన ఉండాలి. అందులో చర్చ లేదు. పిల్లలు అడవిని పైన పెట్టారంటే వాళ్లు భయాన్ని గీశారు, ఊరిని గీయలేదు. ఒక్కొక్కరి భయం ఒక్కో వైపు నుంచి వస్తుంది. ఉత్తర దిక్కు అందరికీ ఒకవైపే ఉంటుంది. అందుకే దాన్ని పట్టుకున్నారు. అలాగే చెప్పు.

అంగళ్లు ఉద్యోగం మాట నాకు నచ్చలేదు. మా అమ్మ కూలికి పోయి వచ్చి, సాయంత్రం బడి వాకిలి ఊడ్చేది. నేను బడిలో కుర్చీ వేసుకుని పాఠం చెప్పాను. మీ అమ్మ పోయాక నిన్ను నా క్లాసులో, పటాల కింద కూర్చోబెట్టుకుని పెంచాను. ఇప్పుడు నువ్వు పరీక్ష రాసి తెచ్చుకున్న కుర్చీ, నా కోసం అని చెప్పి దిగిపోతావా? నా కోసం అనవద్దు. నాకు ఇక్కడ ఏ లోటూ లేదు.

ఈ సబ్జెక్టు నాకెందుకు ఇష్టమో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను, పిల్లలకు పనికి రావచ్చు.

నేను ఎనిమిదిలో ఉండగా అయ్యవారు నల్లబోర్డు మీద మా ఊరి పటం గీశారు. బడి, చావిడి, అంగడి, రెడ్ల ఇండ్లు అన్నీ పెద్దపెద్దగా వచ్చాయి. కాలవ దగ్గరికి వచ్చేసరికి బోర్డు అయిపోయింది. మా ఇండ్లు కాలవకు అవతల. ‘అయ్యా, మా ఇండ్లు?’ అన్నాను. ‘బోర్డు అయిపాయ గదమ్మా’ అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. నిజంగానే బోర్డు అయిపోయింది. అందరూ అన్నానికి పోయినప్పుడు నేను ఒక బొగ్గుముక్క తెచ్చి, బోర్డు చెక్క దాటి, సున్నం గోడ మీద మా ఇండ్లన్నీ గీసి పెట్టాను. దెబ్బలు పడ్డాయి. గోడ నాతోనే కడిగించారు.

మర్నాడు పోతే బోర్డు మీద పటం మళ్లీ గీసి ఉంది. బడి చిన్నదైంది. చావిడి చిన్నదైంది. రెడ్ల ఇండ్లు గోళీకాయలంత అయ్యాయి. కాలవ బోర్డు మధ్యకు వచ్చింది, దానికి అవతల మా ఇండ్లు. అయ్యవారు నావైపు చూడకుండా, ‘దీన్ని స్కేలు మార్చడం అంటారు’ అని పాఠం మొదలుపెట్టారు.

అందరినీ కొంచెం చిన్నగా గీస్తే మనకూ చోటు వస్తుందని ఆ రోజు తెలిసింది. ఇంకే సబ్జెక్టులోనూ నాకు ఆ మాట దొరకలేదు.

పిల్లలకు నమూనా కోసం ఒక పటం గీసి దీనితో పంపుతున్నాను. మన ఇంటి నుంచి బ్యాంకు దాకా నేను శనివారం నడిచే దారి. స్కేలు ఉంది, గుర్తులు ఉన్నాయి, ఉత్తర దిక్కు పైన ఉంది. గోడకు అంటించు.

అవ్వ

*

కుప్పం,
నవంబరు 20

అవ్వా,

నీ బొగ్గుముక్క కథ క్లాసులో చెప్పాను. మునిలక్ష్మి చార్టు దగ్గరికి వచ్చి, కాగితం అంచు దాటి నేల మీద వేలు పెట్టి, ‘మాది ఈడ మేడం’ అంది. వాళ్లు ఊళ్లో ఉండరట. అడవి పక్కన చేలోనే గుడిసె. ‘మరి గీయలేదేమ్మా?’ అంటే, ‘కాయితంలో పట్టదు గదా మేడం’ అంది. పట్టదని ముందే అనుకుని ఆ పిల్ల అడగనే లేదు.

పటం మొత్తం మళ్లీ గీశాం. అన్నీ చిన్నగా. నువ్వు చెప్పినట్టు ఉత్తర దిక్కు పైన పెట్టాం, తేజ గొణుగుతూనే ఉన్నాడు. మునిలక్ష్మి వాళ్ల గుడిసె కింద అంచున వచ్చింది. దానికి మాత్రమే ఎర్ర రంగు వేసుకుంది.

ఉమాశంకర్ సార్ వరండాలో పోతూ ఆగి, లోపలికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు. ‘ఏమ్మా, మన బడి ఇంత చిన్నగుండాదే?’ అన్నారు. పిల్లలంతా ఒక్కసారి, ‘స్కేలు సార్!’ అని అరిచారు. గురువారం పీరియడు తిరిగి ఇచ్చారు.

నీ నమూనా పటం గోడకు అంటించాను. నీ అక్షరాలు చూసి పిల్లలు అచ్చు వేసింది అనుకున్నారు. ఒక సందేహం వచ్చింది. బ్యాంకుకు ఎదురుగా నువ్వు ఖాళీ వదిలావు. అక్కడ ఏముంది? ఈ శనివారం పోయినప్పుడు చూసి రాయి.

ఇక్కడ చలి మొదలైంది. వేరే సంగతులు లేవు.

నీలిమ

*

మదనపల్లె,
నవంబరు 27

నీలిమా,

చాలా పొట్టి జాబు రాశావు. చివర ‘నీ’ కూడా లేదు. జలుబు చేసిందా?

పిల్లల సందేహం న్యాయమైనది. నాదే పొరపాటు, ఖాళీ వదలకూడదు. బ్యాంకుకు ఎదురుగా బాబు సాహెబ్ గడియారాల అంగడి. దాని పక్కన జిరాక్సు. ముందు వేపచెట్టు, దాని కింద చెప్పులు కుట్టే మనిషి. మొన్న శనివారం ప్రత్యేకంగా నిలబడి చూసి వచ్చాను.

బాబు సాహెబ్ కంటికి అద్దం పెట్టుకుని పనిచేసుకుంటూ కూడా నన్ను చూశాడు. ‘సలాం టీచరమ్మా, మనవరాలికి ఉద్యోగం వచ్చిందంట గదా, మిఠాయి యాడ?’ అన్నాడు. కుప్పంలో టీచరు అన్నాను. ‘కుప్పమా! ఆడయితే ఏనుగులకి కూడా పాఠం చెప్పాల్సొస్తాది’ అన్నాడు. నవ్వాను. తిరిగి వచ్చేటప్పుడు కూరగాయల మునెమ్మ తట్ట దించి, ‘యాల టీచరమ్మా ఇంత ఎండలో నడస్తాండావు, కూసో’ అంది. కాసేపు కూర్చున్నాను. వాళ్ల కోడలి సంగతి, టమోటా ధర సంగతి అన్నీ చెప్పింది. ఇంటికి వచ్చేసరికి పన్నెండు అయింది. ఒక మనిషి రోజు నిండడానికి ఇంకేం కావాలి? అందుకే నా గురించి దిగులు వద్దంటున్నాను.

ఉమాశంకర్ గారు పీరియడు ఇచ్చినందుకు సంతోషం. నా నమస్కారం చెప్పు.

మూడో ప్రశ్న ఇంకా బాకీ ఉంది.

అవ్వ

*

కుప్పం,
డిసెంబరు 3

అవ్వా,

ఆ బ్యాంకు అక్కడ లేదు.

మే నెలలోనే వేరే వీధిలో కొత్త భవనంలోకి మారింది. మారినట్టు నా ఫోనుకే మెసేజీ వచ్చింది, నీ ఖాతాకు ఇచ్చింది నా నంబరే కదా. పరీక్ష చదువులో పడి చూడలేదు. పోయిన నెల పాత మెసేజీలు తుడిచేస్తుంటే కనిపించింది. నువ్వు మర్చిపోయి గీశావేమో అనుకున్నాను. అందుకే ఎదురుగా ఏముందని అడిగాను. నువ్వు శనివారం నిలబడి చూశానని రాశావు.

తబస్సుమ్‌కు ఫోను చేశాను. తనను ఏమీ అనకు. చెప్పనంటే చెప్పనంది, నేను ఏడిస్తే చెప్పింది. ‘అక్కా, అవ్వ గేటు దాటి శానా నెలలాయ. పాలు, కూరగాయలు, బ్యాంకు, నీకు రాసే జాబులు పోస్టు చేసేది, అన్నీ మా తమ్ముడు జాహిదే సూస్తాండాడు. యాడికన్నా పోదాం రా అవ్వా అంటే లోపలికి పోయి తలుపేసుకుంటాది’ అంది. పోయిన ఏడాదంతా నేను కోచింగుకని తిరుపతిలో ఉండిపోయాను. దీపావళికి వచ్చినప్పుడు మోకాలు అన్నావు, నమ్మాను.

నీ జాబు మళ్లీ తీసి చదివాను. బాబు సాహెబ్ మాట్లాడాడు. మునెమ్మ మాట్లాడింది. నీకు అన్నీ వినిపించాయి. గదిలో నేను పక్కన నిలబడి పిలిస్తేనే నీకు వినపడదు కదా అవ్వా.

ప్రీతికి వస్తానని చెప్పేస్తాను. ఈ ఇరవయ్యో తేదీలోగా అంగళ్లు వాళ్లకు రాసి పంపాలట, అడిగితే నెలాఖరు దాకా ఆగుతారేమో. నువ్వు గది లోపల, నేను ఈ గది లోపల. ఇలా ఉండడానికి నాకు ఏ ఉద్యోగమూ అక్కర్లేదు.

నీలిమ

*

మదనపల్లె,
డిసెంబరు 9

నీలిమా,

నిజమే.

ఒక్కసారి రాస్తాను. మళ్లీ అడగొద్దు.

మార్చిలో పుంగనూరు బడి వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. ‘నాకిష్టమైన సబ్జెక్టు’ అని పిల్లలకు మాట్లాడమన్నారు. బాగా మాట్లాడానని నీకు చెప్పాను. నేను పుంగనూరు చేరనే లేదు.

పొద్దున బస్టాండులో పుంగనూరు బోర్డున్న బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కాసేపటికి కొందరు దిగారు, వేరేవాళ్లు ఎక్కారు. కండక్టరు ఏదో అరిచాడు. నా దగ్గరికి వచ్చి కూడా ఏదో అన్నాడు. తల ఊపాను. వినిపించని దానికి తల ఊపడం చేతకాదని నీకు రాశాను కదా, అది అబద్ధం. రెండేళ్లుగా నేను చేస్తున్న పని అదే.

బస్సు కదిలింది. పొద్దున పూట పుంగనూరుకు పోతుంటే ఎండ ఎడమ చెంప మీద పడాలి. ఎదురుగా మొహం మీద పడుతోంది. నాకు దిక్కు తెలియదా? బస్సు ఎటు పోతోందో నాకు ఊరు దాటకముందే తెలిసింది. ఆపమని అడగలేదు. అడిగితే అతను ఏదో అంటాడు. అది నాకు వినిపించదు. మళ్లీ అడగాలి. బస్సంతా నా మొహం చూస్తుంది. అందుకని వాయల్పాడు దాకా అలాగే కూర్చున్నాను. అక్కడ అందరూ దిగాక అతను నా చెవి దగ్గరికి వంగి అరిచాడు. ‘ఏమవ్వా, మదనపల్లెలోనే సెప్తిని గదా, ఈ బండి పుంగనూరుకి పోలేదు, వాయల్పాడుకని! సరే సరే అని తలకాయ ఊపితివే!’ ఆ మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

బోర్డు మార్చలేదు. నోటితో చెప్పారు. అతని తప్పు లేదు. లోకమంతా నోటితోనే నడుస్తుంది.

ఆ తర్వాత గేటు దాకా పోతే ఎవరో ఏదో అడుగుతారని కాళ్లు వెనక్కి వచ్చేవి. శనివారం కుర్చీలో కూర్చుని బ్యాంకు దాకా పోయి వస్తున్నాను. ఆ దారిలో అందరూ నాకు వినిపించేలా మాట్లాడతారు. నీకు గీసి పంపిన పటం ఆ ఊరిది. గోడ నుంచి తీసెయ్. తప్పు పటం పిల్లల ముందు ఉండకూడదు.

ఇప్పుడు నా మాట విను. అంగళ్లుకు ఇంకా రాయకు. నెలాఖరు దాకా గడువు అడుగు. ఈ నెల 27న నేనే నీ దగ్గరికి వస్తాను, ఒక్కదాన్నే. తబస్సుమ్ తోడు రాదు. నువ్వు రాకూడదు, కుప్పం బస్టాండుకు కూడా. నేను వచ్చి నీ గది తలుపు తట్టానంటే, ఆ ఉద్యోగం వద్దని నువ్వు రాసేయాలి. నేను దారి తప్పి ఇంకెక్కడైనా దిగానంటే, నువ్వు వచ్చేయ్. అప్పుడు నేనేమీ అనను.

దారికి ఒక పటం పంపు. మదనపల్లె నుంచి నీ గది దాకా. కంటితో చూసి పోల్చుకునేవి మాత్రమే అందులో ఉండాలి. చెవితో పని ఉండకూడదు.

అవ్వ

*

కుప్పం,
డిసెంబరు 18

అవ్వా,

పటం దీనితో ఉంది. జాగ్రత్తగా విప్పు, చాలా కాగితాలు అంటించాం. అంగళ్లు వాళ్లు ముప్పై ఒకటి దాకా ఆగుతామన్నారు.

నాకు ఆ దారి సగమే తెలుసు, బస్సులో నిద్రపోతాను కాబట్టి. పిల్లలను అడిగాను. మా నాయనతో కూరగాయల బండిలో పోయినానని ఒకడు, మేనత్త ఊరని ఒకతె, ఎవరికి తెలిసిన ముక్క వాళ్లు గీశారు. పలమనేరు దగ్గర రోడ్డు పక్కన మట్టి బొమ్మలు, కుండలు. అక్కడి నుంచి దారి తిరుగుతుంది, మధ్యాహ్నం ఎండ ఎదురుగా వస్తుంది. వి.కోటలో కూరగాయల బస్తాల లారీలు. పక్కన రైలు పట్టాలు కనిపించాయంటే కుప్పం వచ్చినట్టే. బస్టాండు నుంచి నా గది దాకా నేను గీశాను. మేడ మీద నీలం నీళ్లట్యాంకు ఉన్న ఇల్లు, పక్కమెట్లు. పుంగనూరు దాకా ఏం గీయాలో తెలియక, రోడ్డుకు తూర్పు పక్కన పొడుగునా సూర్యుణ్ణి గీయించాను. నీకు అది చాలు.

ఒక తప్పు ఉంది. దక్షిణం పైన ఉంది. నేను వద్దన్నాను. మునిలక్ష్మి ఒప్పుకోలేదు. ‘అవ్వ ఈ పక్కకి గదా వస్తాండేది? మనిసి యాడికి పోతాదో అది పైన ఉండల్ల మేడం’ అంది. క్లాసంతా ఆ పిల్ల వైపే. ఉమాశంకర్ సార్ కూడా. ఈ పటం కోసం ఆయన తన లెక్కల పీరియడు ఒకటి ఇచ్చారు, అది కూడా రాయమన్నారు.

పటం వెనక పెద్ద అక్షరాలు తేజ ఆలోచన. ‘అవ్వకి ఇనపడకపోతే అవ్వ యాల తలకాయ ఊపల్ల? ఆ కండక్టరప్పనే ఊపమను మేడం’ అన్నాడు. అందుకని ఒక్కో ఊరి పేరుకూ ఒక్కో ప్రశ్న రాశారు. ఈ బస్సు పుంగనూరు పోతుందా? పోతే తల ఊపండి. పోకపోతే చెయ్యి అడ్డంగా ఊపండి. కుప్పానికీ అంతే. చూపిస్తే చాలు.

మూడో ప్రశ్న బాకీ తీరుస్తున్నాను. నువ్వు అడిగినప్పుడు నేను పేరు పెట్టి పిలిచే మనిషి ఈ ఊళ్లో ఒక్కరూ లేరు. అది రాయలేక వదిలేశాను. ఇప్పుడు పటం అంచు చుట్టూ సంతకాలు చూడు. అందరినీ పేరు పెట్టే పిలుస్తాను.

నువ్వు చెప్పావు కాబట్టి బస్టాండుకు రాను. నాకు భయంగా ఉంది అవ్వా. పొద్దున నుంచి ఆ కుర్చీలోనే కూర్చుంటాను. మంచం మీదికి ఎండ వచ్చి, పోయేదాకా చూస్తాను. ఆ తర్వాత ప్రీతికి ఫోను చేస్తాను.

నీ
నీలిమ

*

పుంగనూరు,
డిసెంబరు 27

నీలిమా,

ఈ జాబు నాకంటే వెనక వస్తుంది. అయినా రాస్తున్నాను. ఇక్కడ ఇంకెవరితోనూ మాట్లాడేది లేదు.

పొద్దున గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తబస్సుమ్ కుట్టుమిషను ఆపి చూస్తోంది, చూడనట్టు. బస్టాండులో పుంగనూరు బోర్డు చూసి ఎక్కబోయి, ఆగి, కండక్టరు ముందు పటం తిప్పి పట్టుకున్నాను. అతను చదివాడు, నా మొహం చూశాడు, గట్టిగా తల ఊపాడు. పక్కనున్నవాళ్లకు కూడా చూపించాడు. వాళ్లూ ఊపారు. కూర్చున్నాక ఎండ ఎడమ చెంప మీద పడింది. పుంగనూరు దాకా అక్కడే ఉంది. నేను మొహం తిప్పుకోలేదు.

మీ పిల్లల పటాన్ని బస్సులో తలకిందులు చేసి ఉత్తర దిక్కు పైకి పెట్టుకుని చూశాను. రెండుసార్లు. రెండుసార్లూ కుడి ఎడమలు తారుమారయ్యాయి. చివరికి వాళ్లు గీసినట్టే పట్టుకున్నాను. పరీక్షలో మాత్రం ఉత్తర దిక్కే పైన అని చెప్పు.

ఇక్కడ కావాలనే దిగాను, దారి తప్పి కాదు. బడికి పోయాను. బడిలో పనిచేసే ఆయమ్మ ఎదురొచ్చి ఏదో అడిగింది. నేను తల ఊపలేదు. ‘వినపడదమ్మా’ అన్నాను. ఆ మాట బయటి మనిషికి చెప్పడం ఇదే మొదలు. నన్ను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. నా క్లాసు గది కిటికీ దగ్గర నిలబడ్డాను. టైంటేబుల్లో సోషల్ అని ఉంది. బోర్డు మీద లెక్కలు ఉన్నాయి.

మార్చిలో మాట్లాడాలని రాసుకున్న కాగితాలు సంచిలోనే ఉన్నాయి. బొగ్గుముక్క కథే అది. హెడ్మాస్టరమ్మకు ఇచ్చాను. చిన్న వయసు మనిషి. నిలబడే మొత్తం చదివింది. ఏదో అనబోయి, ఆగి, కాగితం తీసి రాసి ఇచ్చింది. ‘పిల్లలకు మీరే చెప్తారా? ఎప్పుడు వస్తారు?’ పూర్తిగా వినిపించింది. జనవరిలో వస్తానన్నాను. వచ్చే దారి తెలుసు కదా.

ఇప్పుడు బస్టాండులో ఉన్నాను. కుప్పం బోర్డు ఉన్న బస్సు వచ్చింది. బోర్డును నమ్మలేదు. పటం చూపించాను, తల ఊపాడు. ఇంకోసారి చూపించాను. నవ్వి, ఇంకోసారి ఊపాడు.

అంగళ్లు వాళ్లకు రాయాల్సిన కాగితం, పెన్ను తీసి పెట్టుకో. నాకు సాయంత్రానికి గంజి చాలు. నేను ఈ జాబు పోస్టు డబ్బాలో వేసి ఎక్కుతున్నాను. నువ్వు కుర్చీలోంచి లేవకు. మంచం మీద ఎండ ఉండగానే తలుపు తడతాను.

అవ్వ